హెచ్-1బి ఉద్యోగం పోయాక 60 రోజులు: కుటుంబం ఏ దారి ఎంచుకోవాలి?

అమెరికాలో హెచ్-1బి (నైపుణ్య ఉద్యోగుల తాత్కాలిక పని వీసా) మీద పనిచేసేవారికి లేఆఫ్ సమాచారం అందిన రోజు రాత్రే ఇంట్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: ఇక్కడే ఉండి ప్రయత్నిద్దామా, సామాను సర్దుకుని ఇండియా వెళ్లిపోదామా? ప్రశ్న సహజమే. అయితే దాన్ని ఇలా రెండు ముక్కలుగా అడుగుతున్నందువల్లనే చాలా కుటుంబాలు తొందరపడుతున్నాయి. నిజానికి కొత్త యజమాని ద్వారా హెచ్-1బి కొనసాగించుకోవడం, భార్య లేదా భర్త హోదా మీద ఆధారపడి ఉండడం, బి-2 సందర్శక హోదాకు దరఖాస్తు పెట్టుకుని ఆగడం, పిల్లలతో సహా కుటుంబాన్ని ముందు పంపి ఒకరు ఇక్కడ ఉండడం, అందరూ కలిసి వెళ్లిపోవడం అని కనీసం ఐదు దారులున్నాయి. వీటిని జీతాలను బట్టో, బంధువుల అభిప్రాయాలను బట్టో పోల్చడం కంటే, ఈ అడుగు వేసిన మూడు నెలలకు పరిస్థితి మారితే వెనక్కి రాగలమా, రావాలంటే ఎంత ఖర్చవుతుంది అన్న ఒక్క కొలతతో పోల్చడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ కొలతతో చూసినప్పుడు పైకి చిన్నదిగా కనిపించే నిర్ణయం ఒక్కోసారి అన్నిటికంటే పెద్దదిగా తేలుతుంది.

ముందుగా రాసుకోవలసిన తేదీలు

దారుల గురించి మాట్లాడుకోవడానికి ముందే అందరి పాస్‌పోర్టులు, ఐ-94 పత్రాలు (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ రికార్డులు), ఐ-797 నోటీసులు (ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రాలు) ఒకచోట పెట్టుకుని తేదీలన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఉద్యోగం ముగిసిన హెచ్-1బి ఉద్యోగికి, అతని మీద ఆధారపడి హెచ్-4 మీద ఉన్న భార్యాపిల్లలకు 60 రోజుల వరకు గడువు ఇచ్చే నిబంధన 2017 జనవరి 17 నుంచి అమలులో ఉంది. ఈ 60 రోజులు పనిదినాలు కావు. ఆదివారాలు, సెలవులు అన్నీ కలిపి వరుసగా లెక్కపెట్టాలి. ఉదాహరణకు చివరి పనిదినం మార్చి 31 అయితే ఏప్రిల్ 1 మొదటి రోజు, మే 30 అరవయ్యో రోజు. అయితే ఐ-94 గడువు అంతకంటే ముందే, ఉదాహరణకు మే 10న ముగుస్తుంటే, మీ గడువు కూడా మే 10నే ముగుస్తుంది. రెండింటిలో ఏది ముందు వస్తే అదే లెక్క.

ఐ-94 విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఐ-797 మీద 2027 దాకా అనుమతి కనిపిస్తున్నా, క్రితంసారి ఇండియా నుంచి తిరిగి వచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే, విమానాశ్రయంలోని అధికారి ఐ-94ను పాస్‌పోర్టు ముగిసే తేదీ వరకే ఇచ్చి ఉండవచ్చు. భర్తకు పాత పాస్‌పోర్టు, భార్యకు కొత్త పాస్‌పోర్టు ఉన్న ఇళ్లలో ఇద్దరి ఐ-94 తేదీలు వేరువేరుగా ఉండడం సాధారణం. కనుక హెచ్-1బి ఉన్నవారి పత్రం ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా, ప్రతి ఒక్కరి ఐ-94ను సీబీపీ (సరిహద్దు తనిఖీ సంస్థ) వెబ్‌సైటు నుంచి విడిగా తీసి చూడాలి.

చివరి పనిదినం ఏదన్న విషయం మీద కూడా పొరపాట్లు జరుగుతుంటాయి. వంద మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పెద్ద ఎత్తున తొలగింపులు చేసేటప్పుడు 60 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలని వార్న్ చట్టం చెబుతుంది. ఆ నోటీసు కాలంలో మిమ్మల్ని జీతం మీద ఉద్యోగిగానే కొనసాగిస్తే, గడువు సాధారణంగా ఆ కాలం ముగిసిన తరువాతే మొదలవుతుంది. ఉద్యోగం ముగిసిపోయాక ఒకేసారి చేతికిచ్చే సెవరెన్స్ డబ్బు ఎన్ని నెలల జీతంతో సమానమైనా గడువును ఒక్క రోజు కూడా పెంచదు. అందువల్ల సెవరెన్స్ మొత్తం గురించి బేరమాడే అవకాశం ఉన్నవారు, కొంత డబ్బు తగ్గినా జీతం పట్టీ మీద మరో నెల ఉంచమని అడగడం హెచ్-1బి కుటుంబానికి ఎక్కువ ఉపయోగం. అడిగితే ఇస్తారన్న హామీ లేదు కాని, సంతకం పెట్టాక అడిగే వీలు కూడా ఉండదు.

మరో తేదీ పాస్‌పోర్టులో కాన్సులేట్ వేసే వీసా స్టాంపుది; దేశం దాటి తిరిగి రావాలంటే అదే కావాలి. 2025 సెప్టెంబరు 21 వరకు దీనికి ఇంత ప్రాధాన్యం లేదు. ఆ రోజు నుంచి అమలైన అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం, అమెరికా వెలుపల ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేని వ్యక్తి కోసం వేసే కొత్త పిటిషన్‌కు (హెచ్-1బి దరఖాస్తుకు) యజమాని లక్ష డాలర్లు చెల్లించాలి. దేశంలోనే ఉండి, హోదా కోల్పోకుండా, యజమాని మార్పుకో పొడిగింపుకో వేసుకుని అనుమతి పొందినవారికి ఇది వర్తించదని వలస సేవల సంస్థ ఆ అక్టోబరులో వివరణ ఇచ్చింది. ఉత్తర్వును మొదట 12 నెలలకే జారీ చేశారు కనుక, మీరు నిర్ణయం తీసుకునే రోజుకు దాని స్థితి ఏమిటో అటార్నీని అడిగి తెలుసుకోవాలి. ఆ ఉత్తర్వు నిలిచి ఉన్నంతకాలం, స్టాంపు గడువు తీరిన ఉద్యోగి దేశం దాటడానికి, స్టాంపు ఇంకా ఏడాది పాటు చెల్లుబాటయ్యే ఉద్యోగి దేశం దాటడానికి మధ్య చాలా దూరం ఉంది. ఒకే ఆఫీసులో, ఒకే రోజు ఉద్యోగం పోయిన ఇద్దరు స్నేహితులకు ఒకే సలహా పనికిరాకపోవడానికి ఇదే ముఖ్యమైన కారణం.

అమెరికాలోనే ఉండాలనుకుంటే

అన్నిటికంటే శుభ్రమైన దారి కొత్త యజమాని ద్వారా హెచ్-1బి బదిలీ. గడువు ముగిసేలోపు కొత్త పిటిషన్ దాఖలైతే చాలు, అనుమతి వచ్చేదాకా ఆగకుండా కొత్త ఉద్యోగంలో చేరవచ్చు. అదనపు రుసుముతో త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ ఎంచుకుంటే 15 పనిదినాల్లో ఏదో ఒక స్పందన వస్తుంది. మొదటిసారి హెచ్-1బి కోసం దాటిన లాటరీ మళ్లీ అవసరం లేదు. అయితే 60 రోజులూ ఉద్యోగ వేటకే ఉన్నాయని అనుకోకూడదు. పిటిషన్‌కు ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద యజమాని ఇచ్చే హామీకి ఆమోదం) తెచ్చుకోవడానికే ఏడు పనిదినాలు పడుతుంది. ఆఫర్ లెటర్, పత్రాల సేకరణ, కొత్త సంస్థ అటార్నీల పరిశీలన కలిపితే మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి. కనుక నా లెక్కలో నిజమైన గడువు 40వ రోజు. ఆ రోజుకు చేతిలో ఆఫర్ లేకపోతే, ఇంటర్వ్యూలు ఎంత బాగా జరుగుతున్నా, రెండో దారికి పత్రాలు సిద్ధం చేయడం మొదలుపెట్టాలి.

కొత్త ఉద్యోగం మరో రాష్ట్రంలో వచ్చినప్పుడు కుటుంబాన్ని వెంటనే తరలించాలా అన్నది విడిగా ఆలోచించవలసిన విషయం. పిటిషన్ అనుమతి వచ్చేదాకా కుటుంబాన్ని కదపకపోవడం మంచిదని నా సలహా. పిటిషన్ తిరస్కరణకు గురైతే, కొత్త ఊళ్లో అప్పుడే తీసుకున్న లీజు, మార్చిన బడి, కొన్న సామాను అన్నీ మెడకు చుట్టుకుంటాయి. ఉద్యోగి మాత్రం వెళ్లి నెలవారీ అద్దె గదిలో ఉండడం, అనుమతి వచ్చాక పిల్లల సెమిస్టరు ముగిసే సమయం చూసి ఇల్లు మార్చడం ఖర్చుగా కనిపించినా, వెనక్కి తీసుకోగల అడుగు అదే. పాత ఇంటి లీజులో ముందస్తు రద్దుకు ఎంత కట్టాలో, సబ్లీజుకు అనుమతి ఉందో లేదో ఉద్యోగం పోయిన మొదటి వారంలోనే చదివి పెట్టుకోవాలి.

భార్యాభర్తలిద్దరికీ హెచ్-1బి ఉన్న ఇళ్లలో రెండో దారి తేలిక. ఉద్యోగం పోయినవారు గడువులోపు ఐ-539 (హోదా మార్పు దరఖాస్తు) దాఖలు చేసి హెచ్-4కు మారవచ్చు. పిల్లలు అంతవరకు ఉద్యోగం పోయినవారి పేరు మీద ఆధారపడి ఉంటే, వారిని కూడా రెండోవారి మీదకు మార్చే విషయం మరవకూడదు. ఉద్యోగంలో ఉన్నవారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్) ఆమోదం ఉంటే, హెచ్-4కు మారినవారు పని అనుమతికి కూడా దరఖాస్తు చేయవచ్చు. తరువాత కొత్త యజమాని దొరికితే దేశంలోనే ఉండి హెచ్-1బికి తిరిగి మారవచ్చు. ఆరేళ్ల పరిమితిలో వాడుకోని కాలం అలాగే మిగిలి ఉంటుంది. ఈ అవకాశం ఉన్న కుటుంబం మిగతా దారుల గురించి నిద్ర పాడుచేసుకోనక్కర లేదు.

బి-2 దారి గురించి మాత్రం కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే దీని మీద ఉన్న నమ్మకం దాని బలానికి మించి ఉంది. గడువు ముగిసేలోపు బి-2కు మారడానికి దరఖాస్తు పెడితే, అది పెండింగులో ఉన్నంతకాలం దేశంలో ఉండవచ్చన్నది నిజమే. బి-1, బి-2 హోదాల్లో ఉద్యోగాల కోసం వెతకడానికి, ఇంటర్వ్యూలకు హాజరు కావడానికి అభ్యంతరం లేదని వలస సేవల సంస్థ 2023లో స్పష్టం చేసింది. అయితే పని చేయకూడదు. 60 రోజులు దాటాక కొత్త యజమాని పిటిషన్ వేస్తే, దాఖలు చేసిన మర్నాడే చేరిపోయే సౌకర్యం ఉండదు. హోదా మార్పుకు అనుమతి వచ్చి, అది అమలులోకి వచ్చాకే చేరాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ హోదా మార్పు నిలబడాలంటే ముందు బి-2 దరఖాస్తు నిలబడాలి. అది తిరస్కరణకు గురైతే హెచ్-1బి మార్పు కూడా దెబ్బతింటుంది, అప్పుడు దేశం దాటి వీసా తెచ్చుకోవలసిన పరిస్థితి వచ్చి, లక్ష డాలర్ల ప్రశ్న మళ్లీ ముందుకు వస్తుంది. దరఖాస్తు పెండింగులో ఉండగా దేశం విడిచి వెళితే దాన్ని వదులుకున్నట్లే లెక్క. బి-2 హోదాలో చదువు కోర్సులో చేరడాన్ని నిబంధనలు అంగీకరించవు కనుక, హెచ్-4 మీద బడికి వెళుతున్న పిల్లల సంగతి దరఖాస్తుకు ముందే అటార్నీతో మాట్లాడాలి. భార్య హెచ్-4 పని అనుమతితో ఉద్యోగం చేస్తున్న ఇంట్లో, కుటుంబమంతా బి-2కు మారడమంటే ఆ ఉద్యోగాన్ని కూడా వదులుకోవడమే అవుతుంది. ఇన్ని ఉన్నా, ఆఫర్ దాదాపు ఖాయమై పత్రాలకు రెండు మూడు వారాలు చాలని సందర్భంలో బి-2 దరఖాస్తు మంచి ఊతమే. ఆఫర్ జాడే లేనప్పుడు, అది వచ్చేదాకా నెలల తరబడి జీతం లేకుండా అమెరికా ఖర్చులు భరించడానికి దీన్ని ఎంచుకోవద్దని నా మనవి.

ఐ-140 ఆమోదం ఉన్నవారికి తప్పనిసరి పరిస్థితుల కింద ఇచ్చే పని అనుమతి పత్రం కూడా ఉంది. దాన్ని వాడుకుంటే హెచ్-1బి హోదా పోతుంది, తిరిగి రావాలంటే దేశం దాటాలి. అందుకని దాన్ని చివరి వరుసలో పెడతాను. కెనడా గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు. అమెరికా హెచ్-1బి ఉన్నవారి కోసం ఆ దేశం 2023 జూలై 16న తెరిచిన ప్రత్యేక అనుమతికి 10,000 దరఖాస్తులు రెండు రోజులు తిరక్కుండానే నిండిపోయాయి. మామూలు దారుల్లో కెనడా వెళ్లడానికి పట్టే సమయం 60 రోజుల్లో ఇమడదు కనుక దాన్ని ఈ గడువులో తేల్చుకోవలసిన దారిగా చూడకూడదు.

కుటుంబాన్ని ముందు పంపి ఒకరు ఆగడం

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఆలోచన ఇది. "నువ్వు పిల్లల్ని తీసుకుని నెల రోజులు అమ్మ వాళ్లింట్లో ఉండు, ఈలోపు నేను ఉద్యోగం చూసుకుంటాను" అని భర్త అంటాడు. ఖర్చు తగ్గుతుంది, పిల్లలకు తాతయ్య అమ్మమ్మల దగ్గర గడిపే అవకాశం వస్తుంది, వెతికేవారికి ఇంట్లో ఒత్తిడి తగ్గుతుంది. హెచ్-4 స్టాంపులకు ఇంకా గడువు ఉంటే ఇది నిజంగానే మంచి ఏర్పాటు. కొత్త ఉద్యోగం దొరికి, కొత్త ఐ-797 చేతికి వచ్చాక ఆ స్టాంపులతోనే తిరిగి రావచ్చు.

స్టాంపుల గడువు తీరి ఉంటే చిత్రం మారిపోతుంది. 2025 సెప్టెంబరు 2 నుంచి వీసా ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గాయి. అదే నెలలో వీసా దరఖాస్తుదారులు తమ జాతీయత ఉన్న దేశంలోనో, నివాసమున్న దేశంలోనో దరఖాస్తు చేయాలని చెప్పడంతో, దారిలో మరో దేశంలో స్టాంపింగ్ చేయించుకునే అలవాటుకు దాదాపుగా తెరపడింది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలైనప్పుడు, భారతదేశంలోని కాన్సులేట్లలో అప్పటికే ఖరారైన ఎన్నో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. అన్నప్రాశనకో, పెళ్లికో వచ్చి చిక్కుకుపోయినవారి మాటలు మనం అందరం విన్నవే. కనుక స్టాంపు లేని భార్యాపిల్లలను నెల రోజులకని పంపడం అంటే, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఎప్పుడు తేదీ దొరికితే అప్పటిదాకా వేరుగా ఉండడానికి సిద్ధపడడమే. బడి ఒక సెమిస్టరు పోయినా సర్దుకోగల చిన్న పిల్లలున్న ఇల్లు దీన్ని భరించగలదు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలున్న ఇంటికి ఇది బరువు.

ఉద్యోగం పోయిన వ్యక్తే గడువు మధ్యలో పది రోజులు ఇండియా వెళ్లి రావాలనుకోవడం వేరే విషయం. నేను మొదట చెప్పిన కొలతకు అన్నిటికంటే గట్టిగా తగిలే అడుగు ఇదే. దేశం దాటిన క్షణంలో ఆ 60 రోజుల గడువు ముగిసిపోతుంది, మిగిలిన రోజులు తిరిగి వచ్చి వాడుకోవడానికి ఉండవు. పాత యజమాని పేరు మీద ఉన్న వీసా చూపించి లోపలికి రావాలనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. తండ్రి ఆరోగ్యం విషమించిందన్న ఫోను వస్తే ఎవరూ లెక్కలు చూసుకోరు, చూసుకోకూడదు కూడా. కాని టిక్కెట్లు ముందే కొనుక్కున్నామనో, గృహప్రవేశం ఉందనో వెళ్లేవారు, అది కుటుంబమంతా తరలిపోవడంతో సమానమైన నిర్ణయమని తెలిసి వెళ్లాలి.

భార్య లేదా భర్త ఒక్కరే పిల్లలతో ప్రయాణించేటప్పుడు, రెండోవారు సంతకం చేసి నోటరీ చేయించిన అంగీకార పత్రం వెంట ఉంచుకోవడం మంచిది. అమెరికాలో పుట్టిన పిల్లల పాస్‌పోర్టు 16 ఏళ్లలోపు వారికి ఐదేళ్లకే ఇస్తారు, కొత్తది తీసుకోవడానికి తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉన్నాక ఆ పని చేయించుకోవడం కష్టం.

అందరూ కలిసి వెళ్లిపోవాలనుకుంటే

ఈ నిర్ణయాన్ని ఓటమిగా చూసేవారున్నారు. నేను అలా చూడను. సరైన నెలలో, సరైన పత్రాలతో వెళ్లిన కుటుంబం ఆరు నెలల్లో కుదుటపడుతుంది. తప్పు నెలలో వెళ్లిన కుటుంబానికి మొదటి ఏడాదంతా పిల్లల బడి చుట్టూనే గడుస్తుంది. పైన చెప్పిన ఉదాహరణలో చివరి పనిదినం మార్చి 31, గడువు మే 30. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే కుటుంబానికి ఇది అనుకూలమే, ఎందుకంటే టెక్సస్ బడులు మే చివరి వారంలో ముగుస్తాయి, తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. అదే చివరి పనిదినం సెప్టెంబరు 30 అయితే గడువు నవంబరు 29న ముగుస్తుంది. ఆ సమయంలో తెలుగు రాష్ట్రాల్లో విద్యా సంవత్సరం సగం గడిచిపోయి ఉంటుంది, మంచి బడుల్లో సీటు దొరకడం కష్టం. హైదరాబాదులో కొన్ని సీబీఎస్‌ఈ బడులు కొత్త తరగతులను మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో మొదలుపెడతాయి కనుక, శీతాకాలంలో వచ్చే కుటుంబం ముందు బడికి ఈమెయిలు రాసి, చేరే తేదీ ఖరారు చేసుకున్నాకే టిక్కెట్లు తీసుకోవాలి.

తరగతి కూడా ముఖ్యమే. ఐదో తరగతి లోపు పిల్లలు ఏ బోర్డులోనైనా త్వరగా ఇమిడిపోతారు. సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతిలోనే రిజిస్ట్రేషన్ జరుగుతుంది, నేరుగా పదిలో చేరడానికి నిబంధనలు చాలా బిగువు. తొమ్మిదో గ్రేడులో ఉన్న అబ్బాయిని మధ్యలో తెస్తే, ఒక ఏడాది వెనక్కి వేయడమో, ఖర్చు ఎక్కువైనా కేంబ్రిడ్జ్ లేదా ఐబీ బడిలో చేర్చడమో తప్పదు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో కూడా తెలుగు నేర్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం రాని పిల్లలకు ఇది మొదటి ఏడాది ఇబ్బంది పెడుతుంది. వచ్చే ముందు రెండు నెలలు రోజూ అరగంట అక్షరాలు దిద్దించినా ఎంతో తేలికవుతుంది.

అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉందో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి. లేకపోతే వెంటనే దరఖాస్తు చేయాలి, ఎందుకంటే దానికి వారాలు పడుతుంది, పర్యాటక ఈ-వీసా మీద తెచ్చిన పిల్లవాణ్ణి బడిలో చేర్చి స్థిరపడడం సరైన పద్ధతి కాదు. పెద్ద పిల్లలున్నవారు ఒక దూరపు విషయం కూడా గుర్తుంచుకోవాలి. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ వంటి ప్రవేశాల్లో, ఆ తేదీ తరువాత కార్డు పొందిన ఓసీఐ విద్యార్థులు ఎన్ఆర్ఐ లేదా అదనపు (సూపర్‌న్యూమరరీ) సీట్లకే అర్హులు, భారతీయ పౌరులకు కేటాయించిన సీట్లకు కారు. డాక్టరు చదివించాలనుకునే ఇల్లు దీన్ని ముందే తెలుసుకుని రావాలి.

హైదరాబాదా, సొంతూరా అన్న పోలికలో నా మొగ్గు స్పష్టం. ఉద్యోగం దొరికేదాకా అద్దె ఉండదని నేరుగా రాజమండ్రికో, ఖమ్మానికో, అనంతపురానికో వెళ్లి ఇంట్లో దిగడం నెల ఖర్చును బాగా తగ్గిస్తుంది, మనసుకు ఊరటనిస్తుంది. పిల్లలు ఇంకా బడి వయసుకు రానివారైతే అదే చేయండి. బడి వయసు పిల్లలుంటే మాత్రం, సొంతూళ్లో బడిలో వేసి ఆరు నెలలకు హైదరాబాదుకో బెంగళూరుకో మార్చడం అంటే అమెరికా నుంచి వచ్చిన బిడ్డకు ఒకే ఏడాదిలో రెండు బడులు. ఇంట్లోవాళ్లను సెలవుల కాలం వరకే ఊళ్లో ఉంచి, బడి తెరిచే సమయానికి ఉద్యోగం ఎక్కువగా దొరికే నగరంలో అద్దెకు దిగడం మేలు. హైదరాబాదులో అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలల అద్దెకు మించదు కనుక, ఉద్యోగం మరో ఊళ్లో వచ్చినా పెద్దగా నష్టపోకుండా ఖాళీ చేయవచ్చు. ఇల్లు కొనే ఆలోచనను మొదటి ఏడాది దగ్గరికి రానివ్వవద్దు.

వెళ్లిన తరువాత తిరిగి అమెరికా రావాలన్న ఆశ ఉన్నవారు ఉద్యోగం ఎంచుకునేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అమెరికాలో కార్యాలయమున్న బహుళజాతి సంస్థ భారత శాఖలో ఒక ఏడాది నిరంతరంగా పనిచేస్తే, మేనేజరుగానో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారిగానో ఎల్-1 వీసా మీద పంపే అవకాశం ఆ సంస్థకు ఉంటుంది. దానికి హెచ్-1బి లాటరీతోనూ, లక్ష డాలర్ల రుసుముతోనూ సంబంధం లేదు. కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఇలాంటి సంస్థల కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. రెండు ఆఫర్లు వచ్చి, జీతంలో పది పదిహేను శాతం తేడా ఉంటే, ఈ వీలు ఉన్న సంస్థ వైపే మొగ్గమంటాను. ఆమోదం పొంది 180 రోజులు దాటిన ఐ-140 ఉన్నవారికి, పాత యజమాని ఉపసంహరించుకున్నా, మోసం వంటి కారణాలు లేనంతవరకు ప్రయారిటీ తేదీ (గ్రీన్‌కార్డు వరుసలో స్థానాన్ని నిర్ణయించే తేదీ) మిగిలే ఉంటుంది. దాని ప్రతిని జాగ్రత్తగా దాచుకోవాలి.

డబ్బు, ఆరోగ్య బీమా

కోబ్రా అనే చట్టం ద్వారా పాత సంస్థ ఆరోగ్య బీమాను సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, అయితే యజమాని వాటాతో కలిపి ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. ఎంచుకోవడానికి కనీసం 60 రోజుల సమయం ఉంటుంది, ఎంచుకున్నాక బీమా పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న చిన్న కుటుంబం కొన్ని వారాలు ఆగి, అవసరం పడితేనే కట్టవచ్చు; గర్భిణి ఉన్న ఇంట్లో, మందులు వాడే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ సాహసం వద్దు. ఇండియాలో ఆరోగ్య బీమాను వెళ్లబోయే ముందే చూసుకోవాలి. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా వాటికి మొదటి 30 రోజులు నిరీక్షణ ఉంటుంది, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఉండవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు.

401(కె) (ఉద్యోగ విరమణ పొదుపు) ఖాతాను ఖర్చుల కోసం ముట్టుకోకండి. 59½ ఏళ్లలోపు తీస్తే మామూలు పన్నుతో పాటు సాధారణంగా 10 శాతం అదనపు పన్ను పడుతుంది. ఇండియా వెళ్లినా ఆ ఖాతా అమెరికాలోనే ఉండవచ్చు. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా ఉన్నవారు, లేదా గత ఏడేళ్లలో భారతదేశంలో ఉన్న రోజులు 729 మించనివారు తిరిగి వచ్చాక కొంతకాలం ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే కాని సాధారణ రెసిడెంటు కాని) పన్ను హోదా పొందుతారు. ఆ కాలంలో విదేశాల్లో వచ్చే ఆదాయం మీద సాధారణంగా ఇండియాలో పన్ను ఉండదు. అమెరికా షేర్లు అమ్మాలనుకునేవారు ఏ ఏడాది అమ్మాలో చార్టర్డ్ అకౌంటెంటును అడిగి నిర్ణయించుకోవడం లాభం. స్థిరపడడానికి వచ్చాక ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్నారై) ఖాతాను రెసిడెంటు ఖాతాగా మార్చమని బ్యాంకుకు తెలియజేయాలి.

ప్రయాణ ఖర్చులో పాత యజమానికి కూడా బాధ్యత ఉంది. హెచ్-1బి అనుమతి గడువుకు ముందే సంస్థ తొలగిస్తే, ఉద్యోగి స్వదేశానికి తిరిగి వెళ్లే ఖర్చును సముచితమైన మేరకు సంస్థే భరించాలి. మీరే రాజీనామా చేస్తే ఇది వర్తించదు, భార్యాపిల్లల టిక్కెట్లకు కూడా వర్తించదు. అడగడానికి మొహమాటపడి వదులుకునేవారు ఎక్కువ. ఒక ఈమెయిలు రాస్తే పోయేదేమీ లేదు. ఎకానమీలో మనిషికి 23 కిలోల చొప్పున రెండు బ్యాగులు అనుమతించే టిక్కెట్లయితే నలుగురికి 184 కిలోలు వస్తాయి. బట్టలు, పుస్తకాలు, వంటసామాను వరకు ఇది చాలినంతే. 110 వోల్టుల మీద నడిచే మిక్సీలు, టీవీలు, సోఫాల కోసం కంటెయినరు మాట్లాడడం కంటే అమెరికాలోనే అమ్మేయడం మేలు.

ఏ దారిలో వెళ్లినా, ఆఫీసు ఈమెయిలు, ల్యాప్‌టాప్ చేతిలో ఉన్నప్పుడే కొన్ని కాగితాలు తెచ్చుకోవాలి: అన్ని ఐ-797ల ప్రతులు, ఐ-140 నోటీసు, చివరి మూడు నెలల జీతం పట్టీలు, అన్ని ఏళ్ల డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను వివరాల పత్రాలు), చేసిన పనిని వివరంగా రాసిన అనుభవ పత్రం. పిల్లల బడి నుంచి ట్రాన్స్‌క్రిప్టులు, డాక్టరు దగ్గర నుంచి టీకాల రికార్డు, పంటి డాక్టరు ఎక్స్‌రేలు తీసుకోవాలి. ఖాళీ చేసిన ఇంటి డిపాజిట్ చెక్కు, చివరి జీతం, మరుసటి జనవరిలో వచ్చే డబ్ల్యూ-2 చేరడానికి అమెరికాలోనే ఉండే నమ్మకమైన బంధువు చిరునామా ఇచ్చి, ఒక బ్యాంకు ఖాతాను కనీసం పన్ను రిటర్ను పూర్తయ్యేదాకా మూసివేయకుండా ఉంచాలి.